కాపుకీ కాపుకీ మధ్య తొమ్మిది నెలలు



హనుమాన్ జంక్షన్‌లో నాలుగు రోడ్లు కలుస్తాయి. విజయవాడ, ఏలూరు, గుడివాడ, నూజివీడు. కూడలిలో ఆంజనేయస్వామి గుడి. ఊరికి ఆ పేరు గుడి వల్లనే వచ్చింది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా నూజివీడు రోడ్డు మీద మామిడికాయ గురించి తప్ప మరో మాట వినపడదు. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, చెరుకురసం, కలెక్టరు... ఏ కాయ ఎంత పలికింది, నున్న మార్కెట్లో నిన్నటి ధర ఎంత, ఢిల్లీ లారీ ఎప్పుడు కదులుతుంది, ఇదే మాట. ఆ మూడు నెలలూ టీ కొట్టు మనిషి దగ్గర్నుంచి వరిగడ్డి తోలే మనిషి దాకా అందరి చేతిలోనూ డబ్బు ఆడుతుంది. జూలై వచ్చేసరికి సందడి అణిగిపోతుంది. అక్కడి నుంచి మళ్లీ వేసవి దాకా, తొమ్మిది నెలల పాటు, తోటకు పెట్టుబడే గాని రాబడి ఉండదు.

ఈ ప్రసంగం ఆ తొమ్మిది నెలల గురించి. డబ్బు, వనరులు తక్కువగా ఉన్నప్పుడు వ్యాపారాన్ని నడిపించడం ఎలా అని అడిగితే చాలామంది ధైర్యం కావాలంటారు, ఓర్పు కావాలంటారు. రెండూ అవసరమే. కానీ మామిడితోటల సీమను దగ్గర్నుంచి చూసినవాళ్లకు ఇంకో సంగతి తెలుస్తుంది. ఇక్కడ చితికిపోయిన వ్యాపారాల్లో చాలావాటికి ఏడాది మొత్తం మీద డబ్బు సరిపోయేదే. కావలసిన నెలలో లేకపోవడంతో చితికిపోయాయి. డబ్బు ఎంత వస్తుందన్న లెక్క అందరూ వేస్తారు. ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు పోతుంది అన్న లెక్క వేసేవాళ్లు తక్కువ. కరువు రోజుల్లో సంస్థకు పెద్దగా ఉండేవాళ్ల మొదటి పని ఆ రెండో లెక్కే.

మామిడి లెక్క ఎలా ఉంటుందో చూడండి. కోత అయిపోగానే ఎండుపుల్లలు కొట్టించాలి, కొమ్మలు కత్తిరించాలి. తొలకరికి దున్ని, ఎరువు వెయ్యాలి. శీతకాలం మొదట్లో నీళ్లు ఆపి చెట్టును బెట్టకు వదలాలి. డిసెంబరు, జనవరిల్లో పూత. పూత విచ్చుకుందంటే తేనెమంచు పురుగు, బూడిద తెగులు, ఈమధ్య అయితే తామర పురుగు. మందు కొట్టాలి, మళ్లీ కొట్టాలి. పిందె గోలీకాయంత అయ్యాక నీళ్లు, కాపలా. బంగినపల్లికి మచ్చ లేకుండా రావాలంటే కాయ కాయకీ కాగితపు కవరు కట్టాలి. ఆ కవరు ఖరీదు, కట్టే కూలీ. తర్వాత చిక్కం కర్రతో కోసేవాళ్లు, సొన కారకుండా తొడిమతో కోయగలిగిన నేర్పరులు, వాళ్ల కూలీ. ట్రేలు, బండి బాడుగ, మార్కెట్లో కమిషన్. ఇన్ని ఖర్చులయ్యాక మొదటి రూపాయి చేతికి వస్తుంది.

అదీ ఏటా నమ్మకంగా రాదు. బంగినపల్లిలాంటి రకాలకు ఏడాది విడిచి ఏడాది కాసే గుణం ఉంది. ఒక ఏడు విరగ్గాసిన చెట్టు తనలో దాచుకున్న బలమంతా కాయకే పెడుతుంది. కోత తర్వాత కొత్త చిగురు ఆలస్యంగా వస్తుంది, పూత వేళకు ఆ రెమ్మలు ముదరవు. మరుసటి ఏడు చెట్టు పచ్చగానే ఉంటుంది, కాయ ఉండదు. కాపు బాగున్న ఏడు కూడా ఏప్రిల్, మే నెలల్లో ఒక్క గాలివాన వస్తే సగం తోట నేలమీద ఉంటుంది.

ఇంత అనిశ్చితిని ఒక రైతు ఒక్కడే మోయలేడు. అందుకే తోట కౌలు పద్ధతి పుట్టింది. పూత మీదనో, పిందె మీదనో తోటను ఒక వ్యాపారికి ఒప్పజెప్పి, కొంత డబ్బు ముందే తీసుకుని రైతు ఊపిరి పీల్చుకుంటాడు. ఆ వ్యాపారి చేతిలో మాత్రం డబ్బెక్కడిది? కమిషన్ కొట్టు ఇచ్చిన అడ్వాన్సు. కాయ తమ కొట్టుకే తోలాలన్నది ఆ అడ్వాన్సు షరతు. వడ్డీ కాగితం మీద కనిపించదు. కానీ నాలుగు కొట్లు తిరిగి ధర అడిగే హక్కు డిసెంబరులోనే చేతులు మారిపోతుంది. అడ్వాన్సు ఇచ్చేవాళ్లను తిట్టడం తేలిక. పూత నిలుస్తుందో లేదో తెలియని నెలలో వాళ్లు తప్ప ఇంకెవరూ డబ్బు ఇవ్వరన్నది కూడా నిజమే. కిసాన్ క్రెడిట్ కార్డు 1998లో వచ్చింది. సకాలంలో తీర్చే రైతుకు 3 లక్షల దాకా పంట రుణం 4 శాతం వడ్డీకి దొరుకుతుంది. పంట చేతికొచ్చే వేళకే తీర్చే గడువు. మంచి ఏర్పాటు. ఐతే భూమి కాగితం తన పేర లేని తోట కౌలుదారుకు ఆ తలుపు తెరుచుకోవడం కష్టం.

ఈ తోట కౌలు పద్ధతిలోనే నాయకత్వం అంటే ఏమిటో తెలిపే ఒక చిన్న పరీక్ష ఉంది. పూత రప్పించడానికి చెట్టు మొదట్లో పోసే పాక్లోబ్యూట్రజాల్ అనే మందు ఉంది. కల్తార్ అంటే ఇక్కడ అందరికీ తెలుసు. చెట్టు పెరుగుదలను ఆపి పూతకు మళ్లిస్తుంది. మోతాదు ఎరిగి, చెట్టు వయసు చూసి వాడితే మేలే. ఒక్క ఏడాదికే తోట తీసుకున్నవాడు మోతాదు మించి పోసి, అలసిన చెట్టు నుంచి కూడా కాపు పిండుకుని వెళ్లిపోగలడు. మూడేళ్లకు తీసుకున్నవాడు అలా చెయ్యడు, చేస్తే నష్టం తనదే. తోటను ఎక్కువ ఏళ్లకు ఇచ్చే ఒప్పందం ఇద్దరికీ మంచిదని అనేది ఇందుకే. ఒక ఏడు పోయినది మరో ఏడు వస్తుంది, చెట్టూ బతుకుతుంది. ఫ్యాక్టరీలో గ్రీజు డబ్బు మిగిల్చి మిషన్ పాడుచేసే యజమాని, పనివాళ్ల సెలవులు కోసి ఈ నెల లెక్క చక్కదిద్దుకునే మేనేజరు, అలసిన చెట్టుకు మోతాదు మించి మందు పోసే కౌలుదారు, ముగ్గురూ చేసేది ఒకటే. వచ్చే ఏటి బలాన్ని ఈ ఏడే ఖర్చు పెట్టేస్తున్నారు.

డబ్బు దొరకడమే పరిష్కారమైతే కృష్ణా జిల్లాకు 2006లో సూక్ష్మరుణాల కష్టం వచ్చి ఉండేది కాదు. అప్పటికి పల్లెపల్లెకూ సూక్ష్మరుణ సంస్థలు వచ్చేశాయి. ఒకే ఇంటికి రెండు, మూడు సంస్థలు అప్పులిచ్చాయి. వారం వారం వాయిదా. వడ్డీలు ఎక్కువని, వసూళ్లలో ఒత్తిడి పెడుతున్నారని ఫిర్యాదులు వచ్చాయి. ఆ ఏడు మార్చిలో జిల్లా అధికారులు ఆ సంస్థల శాఖలు సుమారు 50 మూయించారు. నాలుగేళ్ల తర్వాత, 2010 అక్టోబరులో, రాష్ట్ర ప్రభుత్వం ఏకంగా ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఆ గొడవలో వడ్డీ రేటు గురించి చాలా చర్చ జరిగింది. వాయిదా గడువు గురించి అంత జరగలేదు. ఏడాదికోసారి కాపు వచ్చే ఇంటికి, ఏడు రోజులకోసారి వాయిదా పెడితే ఏమవుతుంది? మొదటి వాయిదాలు ఆ అప్పులోంచే కడతారు. తర్వాతివి ఇంకో అప్పు తెచ్చి కడతారు. వడ్డీ తక్కువైనా ఆ ఇల్లు నిలవదు.

రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ నుంచి అమలు చేసిన నియమాల్లో ఈ పాఠం కొంత కనిపిస్తుంది. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి ఇచ్చే సూక్ష్మరుణాల్లో, అన్ని అప్పుల వాయిదాలూ కలిపినా నెల రాబడిలో సగం దాటకూడదు. వాయిదా ఎన్నాళ్లకోసారి అన్నది అప్పు తీసుకునేవాళ్ల వీలును బట్టి పెట్టే వెసులుబాటు కూడా ఉండాలి. ఈ రెండో సంగతి చాలామందికి తెలియదు. అప్పు కోసం వెళ్లినప్పుడు ఎంత ఇస్తారని అడిగినట్టే, మా రాబడి వచ్చే నెలలో వాయిదా పెట్టగలరా అని కూడా అడగవచ్చు. అడగాలి.

ఇది మన దేశానికో, మామిడికో పరిమితమైన కథ అనుకోనక్కర్లేదు. ఇవాళ లోకమంతా పేరున్న టొయోటా కంపెనీ 1949లో మునిగిపోయే స్థితికి వచ్చింది. జపాన్‌లో అప్పుడు ధరలు, కొనుగోళ్లు ఒక్కసారిగా పడిపోయాయి. బళ్లు వాయిదాల మీద అమ్మేశారు. వాయిదాలు రావడం లేదు. తయారైన బళ్లు యార్డులో, కట్టాల్సిన బాకీలు బల్లమీద. అమ్మకాల విభాగాన్ని విడదీయాలని, అమ్ముడుపోయేన్ని బళ్లే తయారు చేయాలని షరతులు పెట్టి బ్యాంకుల కూటమి అప్పు ఇచ్చింది. పనివాళ్లను తీసేయబోమని యాజమాన్యం అంతకుముందు మాట ఇచ్చింది. నిలబెట్టుకోలేకపోయింది. సమ్మె జరిగింది. రెండు వేలమందికి పైగా తప్పుకున్నారు. కంపెనీని స్థాపించిన కీచిరో టొయోడా ఆ బాధ్యత తనదేనంటూ 1950 జూన్‌లో అధ్యక్ష పదవి వదిలేశాడు. అదే నెలలో కొరియా యుద్ధం మొదలై, అమెరికా సైన్యం నుంచి ట్రక్కుల ఆర్డర్లు వచ్చాయి. కంపెనీ బతికింది.

అదృష్టం కలిసొచ్చిందని అక్కడితో వదిలేయవచ్చు. అయితే ఆ తర్వాత జరిగినదే అసలు కథ. తైచీ ఓనో అనే ఇంజనీరు ఏళ్ల తరబడి ఒకే పని మీద కూర్చున్నాడు. వస్తువు అవసరమైనప్పుడు, అవసరమైనంతే తయారు కావాలి, ముందే తయారై గోదాములో డబ్బును బంధించకూడదు. ప్రపంచంలోని మేనేజ్‌మెంట్ కాలేజీల్లో ఈనాడు పాఠంగా చెప్పే ఆ పద్ధతి మిగులు డబ్బున్న కంపెనీలో పుట్టలేదు. చేతిలో పైకం లేక ఒకసారి చావుదాకా వెళ్లొచ్చిన కంపెనీలో పుట్టింది. ఇరుకు అందరికీ ఇలాంటి బుద్ధి నేర్పుతుందని చెప్పడానికి లేదు. ఎన్నో కంపెనీలు ఆ ఏడాది ఇరుకులో నేర్చుకోకుండానే పోయాయి.

మళ్లీ జంక్షన్‌కు వద్దాం. గుడివాడ రోడ్డు పట్టుకుని, గుడివాడ దాటి పామర్రు వైపు వెళితే ఎలకుర్రు అనే ఊరు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1867లో పుట్టింది అక్కడే. మచిలీపట్నంలో చదువుకున్నారు. వ్యాపారం మీద ఆసక్తితో మద్రాసు వెళ్లారు, కలకత్తా వెళ్లారు, చివరికి బొంబాయి చేరారు. పరాయి కొలువు చేస్తూ మందుల వ్యాపారం లోతుపాతులు నేర్చుకున్నారు. 1893లో అమృతాంజనం మొదలుపెట్టారు. తలనొప్పికి రాసుకునే పచ్చటి మందు. డబ్బా పది అణాలు.

ఆ రోజుల్లో విదేశీ మందుల కంపెనీలకు ఉన్నంత ప్రచార బలం ఒక తెలుగు కుర్రవాడికి ఎక్కడిది? ఆయన చేసిన పని ఇప్పటికీ చెప్పుకుంటారు. సంగీత కచేరీలు జరిగే చోట అమృతాంజనం ఉచితంగా పంచారు. ఇందులో గమనించాల్సిన తెలివి ఉంది. జనాన్ని పోగుచేయడానికి ఆయన పైసా ఖర్చు పెట్టలేదు, వాళ్లు ముందే పోగై ఉన్నారు. గంటల తరబడి కూర్చున్నవాళ్లకు తలనొప్పి రావడానికీ, మందు పనిచేసిందో లేదో తెలియడానికీ అదే చోటు, అదే వేళ. ప్రకటన చేసే మాటను సరుకే చెప్పేసింది. పైగా చిన్న డబ్బా. కొనేవాడికి భారం కాదు. ఇలాంటి సరుకు అమ్మేవాడికి ఏడాదికోసారి పెద్ద మొత్తం వచ్చే బదులు రోజూ చిల్లర వస్తూనే ఉంటుంది. తక్కువ పెట్టుబడితో దిగేవాళ్లకు ఇంతకంటే మేలైన సరుకు లేదు.

ఆయన ఆగిన తీరు కూడా చూడాలి. పత్రిక పెట్టాలన్న కోరిక ఆయనకు బలంగా ఉండేది. బొంబాయి నుంచి ఆంధ్రపత్రిక వారపత్రికగా వచ్చింది 1908లో. అంటే అమృతాంజనం నిలదొక్కుకోవడానికి పదిహేనేళ్లు ఇచ్చారు. 1914లో మద్రాసు నుంచి దినపత్రిక. 1924లో భారతి సాహిత్య మాసపత్రిక. 1926లో ఆంధ్రగ్రంథమాల. ఇవేవీ లాభాల కోసం నడిపినవి కావు. అమృతాంజనం రాబడి వాటిని పోషించింది. దినపత్రిక మొదలైన ఏడే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. రోజూ రాబడినిచ్చే వ్యాపారం వెనక లేకుంటే ఆ సమయంలో ఒక కొత్త దినపత్రిక ఎన్నాళ్లు నిలిచేదో ఆలోచించండి. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ఆయన జైలుకు వెళ్లారు. సంస్థ ఆగలేదు. 1936లో పబ్లిక్ కంపెనీ అయింది. 1938లో ఆయన కన్నుమూశారు. యజమాని జైల్లో ఉన్నా నడిచే సంస్థను కట్టగలగడం, నా లెక్కలో, ఆయన సంపాదించిన డబ్బు కంటే పెద్ద విజయం. దేశోద్ధారక అన్న బిరుదు ఊరికే రాలేదు.

తక్కువ డబ్బుతో మొదలై నిలిచిన సంస్థ ఇంకొకటి ఉంది. జంక్షన్ నుంచి ఏలూరు రోడ్డులో ముందుకు పోతే గుండుగొలను. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారి ఊరు. వైద్యం చదివిన మనిషి. మచిలీపట్నంలో ఆయన స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1923 నవంబరు 20న రిజిస్టరైంది, 28న తలుపులు తెరిచింది. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. దక్షిణాదిలో పెద్ద బ్యాంకులు కూడా కూలిన కాలం అది. 1938లో ట్రావన్‌కోర్ నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు మూతపడింది. లక్షతో మొదలైన ఈ మచిలీపట్నం బ్యాంకు 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసేదాకా ఆ పేరుతోనే నడిచింది.

ఒక్కరి చేతిలో డబ్బు లేనప్పుడు పదిమంది కలిసి ఏం చేయగలరో తెలుసుకోవడానికి తెలంగాణ వైపు చూడాలి. పాత కరీంనగర్ జిల్లా ములుకనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారు నాయకుడిగా సహకార సంఘం మొదలైంది. అప్పు ఇవ్వడం, పంట కొనడం, రెండూ ఒకే చోట. రైతు తెచ్చిన పంట అమ్మకంలోంచే అప్పు జమ అవుతుంది. వాయిదా పంటతోపాటే వస్తుంది, పంటకు ముందు రాదు. దేశంలో సహకార సంఘాలు ఎన్నో పాడుబడినా ములుకనూరు నిలవడానికి నిజాయితీ ఎంత కారణమో ఈ ఏర్పాటూ అంత కారణం. అదే ఊళ్లో 2002లో మహిళల పాల డెయిరీ కూడా మొదలైంది. పాల డబ్బు పంట డబ్బులా ఏడాదంతా ఆగదు. మామిడి రైతుల ఇళ్లలోనూ గేదె ఉండటానికి కారణం ఇదే. తోట పెద్ద ఖర్చులకు, పాలు ఇంటి ఖర్చులకు. ఈ రెంటినీ కలపని ఇల్లు చెడ్డ ఏడును కూడా దాటేస్తుంది.

ఇక రాలిన కాయ. గాలివాన మర్నాడు తోటలో పడ్డ పచ్చికాయకు ధర అడుగంటుతుంది. రెండు రోజులు ఆగితే అదీ ఉండదు. మామిడి సీమలో ఆడవాళ్లు తరతరాలుగా దీనికి విరుగుడు తెలుసుకున్నారు. చెక్కు తీసి, ముక్కలు కోసి, ఎండబెడితే ఒరుగులు. నిజామాబాద్ మార్కెట్ యార్డులో ఆమ్‌చూర్ పేరుతో ఇలాంటి ఎండు ముక్కల వ్యాపారమే పెద్ద ఎత్తున జరుగుతుంది. పండిపోయిన కాయ రసం తీసి చాపల మీద పొరలు పొరలుగా ఆరబెడితే తాండ్ర. టెంక ముదిరిన పుల్లటి కాయ ఆవకాయ. వీటిని విలువ పెంచడం అని ప్రభుత్వ కాగితాల్లో రాస్తారు. నిజానికి ఇవి కొనిపెట్టేది సమయం. రెండు రోజులు కూడా ఆగలేని కాయ, ఒరుగై ఏడాది ఆగుతుంది. ఆగగలిగిన సరుకు చేతిలో ఉన్నవాళ్లు, బేరం నచ్చకపోతే లేచి రాగలరు.

నిల్వ చేస్తే చాలు గట్టెక్కుతామనీ అనుకోకూడదు. 2025 వేసవిలో చిత్తూరు జిల్లాలో తోతాపురి రైతుల బాధ అందరూ చూశారు. గుజ్జు ఫ్యాక్టరీల్లో పాత నిల్వలు పేరుకుపోయి ఉన్నాయి. కొత్త కాయ కొనేవాళ్లు లేరు. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, దానిమీద తాము 4 రూపాయలు ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఫ్యాక్టరీ గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. గోదాములో ఉన్నది ఎప్పుడు అమ్ముడవుతుందో తెలియకుండా గోదాము నింపితే, ఆ బరువు చివరికి తోట దగ్గర నిలబడ్డ మనిషి మీదే పడుతుంది. 1949లో టొయోటా యార్డులో నిలిచిన బళ్లకూ ఆ గుజ్జు డబ్బాలకూ తేడా లేదు.

ఇరుకు వచ్చినప్పుడు సంస్థ పెద్ద చేయాల్సిన ఇంకో పని ఉంది. అన్నిటికంటే కష్టమైనది కూడా అదే. ముందే చెప్పడం. ఈ నెల పదో తారీఖున జీతాలు సగమే ఇవ్వగలనని ఒకటో తారీఖునే చెప్పడం. బాకీ తీర్చలేనని గడువు దాటాక దొరికిపోయే బదులు, గడువుకు పక్షం ముందు వెళ్లి ఫలానా రోజు ఇంత ఇస్తానని చెప్పి, ఆ రోజు ఆ మొత్తం ఇవ్వడం. ఇవ్వాల్సినవాళ్లు పదిమంది ఉండి, ఇద్దరికి సరిపడా డబ్బే ఉంటే, ఆగలేనివాళ్లకు ముందు ఇవ్వాలి. కోత కూలీ ఇంటికి సాయంత్రం బియ్యం కావాలి. ఎరువుల కొట్టు వారం ఆగగలదు. సాధారణంగా జరిగేది తలకిందులుగా ఉంటుంది. గట్టిగా అడిగే పెద్ద అప్పులవాడికి ముందు, అడగలేని కూలీకి చివర. అలా చేసినవాళ్లకు మరుసటి ఏడు కోతకు నేర్పరులు దొరకరు. నేర్పులేని చేతుల్లో కాయ మీద సొన మచ్చ పడుతుంది. మచ్చ పడ్డ కాయకు ధర లేదు. నష్టం చివరికి లెక్క పుస్తకంలోకే వస్తుంది.

హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల ఇప్పుడు మామిడి ఒక్కటే వ్యాపారం కాదు. ఇదే బాపులపాడు మండలం మల్లవల్లిలో పారిశ్రామికవాడ వచ్చింది. 2025 మార్చిలో అశోక్ లేలాండ్ బస్సుల ప్లాంటు ప్రారంభమైంది. ఇలాంటి చోట పెద్ద కంపెనీలకు విడిభాగాలు, ప్యాకింగు, భోజనం, రవాణా అందించే చిన్న యూనిట్లు పుట్టుకొస్తాయి. వాటికి ఆర్డరు దొరకడం ఒక ఎత్తు, బిల్లు డబ్బు చేతికి రావడం మరో ఎత్తు. ఇక్కడ చట్టం ఒకటి తోడుంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు లేదా సేవ తీసుకున్నవాళ్లు, ఒప్పందం ఉన్నా సరే, 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చొప్పున చక్రవడ్డీ ఇవ్వాలి. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను చట్టం కూడా దీనికి తోడైంది. గడువులో చెల్లించకపోతే, చెల్లించేదాకా ఆ మొత్తాన్ని కొన్నవాళ్లు ఖర్చుగా చూపించుకోలేరు. ఈ రక్షణ కావాలంటే కేంద్ర ప్రభుత్వపు ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు కావాలి. నమోదు పూర్తిగా ఉచితం. వస్తువు తయారుచేసేవాళ్లకు, సేవ అందించేవాళ్లకు వర్తిస్తుంది, కొని అమ్మే వ్యాపారులకు వర్తించదు.

సబ్సిడీల విషయంలోనూ ఎప్పుడు అన్న ప్రశ్నే ముందు వేసుకోవాలి. ఉదాహరణకు 2020లో కేంద్రం మొదలుపెట్టిన చిన్న ఆహార పరిశ్రమల పథకంలో పచ్చళ్లు, తాండ్ర చేసే యూనిట్‌కు ఖర్చులో 35 శాతం, 10 లక్షల దాకా సాయం అన్నారు. అది బ్యాంకు అప్పుతో ముడిపడిన సాయం. మూడేళ్లు అప్పు సక్రమంగా నడిచాకే ఆ మొత్తం అప్పులో సర్దుబాటు అవుతుంది. మొదటి నెల జీతాలకు ఆ డబ్బు పనికొస్తుందని లెక్క వేసుకున్నవాళ్లు మొదటి నెలలోనే ఇబ్బంది పడతారు. పథకం తప్పు లేదు, దాని క్యాలెండరు తెలుసుకుని దిగాలి.

కొత్తగా వ్యాపారంలోకి దిగాలనుకునే పల్లెటూరి యువతీయువకులకు ఒక్క మాట. హనుమాన్ జంక్షన్‌కు దగ్గర్లోనే, విజయవాడ వెళ్లే దారిలో, అంపాపురంలో గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ ఉంది. ఆంధ్రా బ్యాంకు కాలంలో మొదలై, ఇప్పుడు యూనియన్ బ్యాంకు నడుపుతోంది. ఇలాంటి సంస్థల్లో శిక్షణ ఉచితం, భోజనం, వసతి కూడా ఉచితం. 18 ఏళ్లు నిండినవాళ్లను తీసుకుంటారు. పని నేర్పడంతోపాటు బ్యాంకుతో ఎలా వ్యవహరించాలో, లెక్క ఎలా రాయాలో చెబుతారు. శిక్షణ అయ్యాక రెండేళ్ల దాకా మీ యూనిట్ ఎలా నడుస్తోందో వాకబు చేస్తారు. వెళ్లేముందు ఇంట్లో కూర్చుని ఒక తెల్లకాగితం మీద పన్నెండు నెలలూ వరసగా రాయండి. ఒక్కో నెల ఎదురుగా ఏ డబ్బు వస్తుందో, ఏ డబ్బు పోతుందో వేయండి. ఏ నెలల దగ్గర ఖాళీ కనిపిస్తుందో ఆ నెలల గురించి అక్కడి అధికారులను అడగండి. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లండి.